గంటకో గీత

నా చిన్నప్పుడు బాలింతకు గుక్కెడు మంచినీళ్లు దొరకడం గగనమయ్యేదంటే మా మనవరాలు పకపకా నవ్వింది. అమెరికాలో, చాండ్లర్‌లో ఆసుపత్రి మంచం మీద, పొత్తిళ్లలో బిడ్డను పెట్టుకుని, "అమ్మమ్మా, డాక్టర్ బాగా వాటర్ తాగమంది. ఐస్ వేసుకోనా? నువ్వు తిట్టవుగా?" అని అడిగింది. తిట్టడమా! నేనే గ్లాసు నింపి ఇచ్చి, ఈ సంగతి చెప్పాను.

అప్పుడు నాకు ఏడేళ్లు. పెద్ద యుద్ధం అయిపోయిన కొత్త. మా ఊరి పురుళ్ల ఆసుపత్రిలో పన్నెండు ఇనప మంచాలు, అన్నీ పటాలంవాళ్లు వదిలేసి వెళ్లినవే. డాక్టరమ్మ వారానికి రెండుసార్లు వచ్చేది. దుప్పట్లు ఉడకబెట్టించడం దగ్గర్నుంచి మగవాళ్లను వరండా దాటనివ్వకపోవడం దాకా మిగతాదంతా పెద్ద నర్సమ్మగారే చూసుకునేది. మా తమ్ముడు అక్కడే పుట్టాడు.

మూడో రోజు అమ్మకు జ్వరం తగిలింది. పెదవులు పగిలిపోయి, దాహం దాహం అని ఒకటే కలవరింత. మా అమ్మమ్మేమో, పచ్చి బాలింతకు నీళ్లిస్తే ఒళ్లు నీరు పడుతుందని చెంచాతో పెదవులు తడిపి ఊరుకునేది. నీళ్లు పట్టకపోతే జ్వరం దిగదని నర్సమ్మగారు ఎంత చెప్పినా వింటేనా! అమ్మ ఇక లేవదేమోనని నాకు ఒకటే భయం. గౌను చాటున నీళ్ల చెంబు దాచి తెచ్చి అమ్మమ్మకు దొరికిపోయాను. వీపు విమానం మోత మోగింది.

ఆ మధ్యాహ్నం నర్సమ్మగారు ఒక పొడుగాటి మందుసీసా తెచ్చింది. మోతాదు తెలిసేలా దానికి గీతల కాగితం అంటించి ఉంది. "గంటకో గీత. తప్పిందో, నేనూరుకోను. అయిపోగానే ఇంకో సీసా ఇస్తా" అంది ముఖం గంటు పెట్టుకుని. అంతే! అమ్మమ్మ కునుకు తీస్తున్న అమ్మను లేపి మరీ తాగించింది. నేను దొంగచాటుగా ఒక గుక్క తాగి చూశాను కదా, వాము వేసి కాచిన ఉత్త నీళ్లు! నర్సమ్మగారు గుడ్లురిమేసరికి గొంతు దాకా వచ్చిన మాట మింగేశాను. రెండు రోజులకు జ్వరం దిగింది. అమ్మ లేచి కూర్చుని నాకు జడ వేసింది. ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

ఇంటికి బయలుదేరే రోజు ఇక ఆగలేక, "అమ్మమ్మా, అది మందు కాదు, నీళ్లే" అని కక్కేశాను. ఆవిడ మూట కడుతున్నదల్లా ఆగి, "వాము వాసన నాకు తెలీదుటే, పిచ్చిమొహమా? నీళ్లు పట్టానంటే మీ నాయనమ్మ వాళ్లు నన్ను బతకనిస్తారా? మందంటే ఎవరూ నోరెత్తరు" అంది. చెంగుతో కళ్లు తుడుచుకుని, "కూతురు దాహమని ఏడుస్తుంటే నాకు మాత్రం ప్రాణం ఎలా ఉంటుందే?" అంది.

నాది ఇప్పటికీ ముక్కుమీద కోపమే. ఎవరైనా మొండికేస్తే ముందు చర్రుమంటాను. ఆ వెంటనే, పాపం, వీళ్లు ఎవరికి జవాబు చెప్పుకోవాలో అనుకుని గొంతు తగ్గిస్తాను.