నాకు గుర్తులేని పొద్దుటిపూట

ఆ రోజు జరిగినదాంట్లో నేను కళ్లతో చూసింది ఏమీ లేదు. మంచం మీద పడి ఉన్నది నేనే అయినా, ఇక్కడ రాస్తున్నది మా అక్క యాదమ్మ, నా భార్య సరళ చెప్పగా విన్నదే. పత్రికల్లో పనిచేసినన్నాళ్లూ చూసింది వేరు, విన్నది వేరు అని విడదీసి రాయడం అలవాటైంది. నా జబ్బు గురించి రాసేటప్పుడు కూడా ఆ అలవాటు వదలడం లేదు.

మధ్యాహ్నం అక్క అన్నం పెట్టి పిలిచిందట. పలకకపోతే నిద్రపోతున్నానని కాసేపు ఊరుకుందట. మళ్లీ వచ్చి చూస్తే గురక వింతగా ఉంది. ఒక గురక వచ్చి ఆగిపోయి, చాలాసేపటికి ఇంకొకటి వస్తోంది. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. చెంపలు తట్టింది, ముఖాన నీళ్లు చల్లింది. "తమ్మీ, లెవ్వురా, కండ్లు తెర్వురా" అని ఆమె పెట్టిన కేకలకు పక్కింటివాళ్లు వచ్చి అంబులెన్సుకు ఫోన్ చేశారు. సరళ తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. అక్కడ లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు. సూపర్‌వైజర్ ద్వారా కబురు అంది, ఆమె మేడ్చల్‌లోని ఆసుపత్రికి చేరేసరికి నాకు ఆక్సిజన్ పెట్టి ఉంది.

సాయంత్రం కళ్లు తెరిచాను. నాకు గుర్తున్న మొదటి మాట డ్యూటీ డాక్టర్‌ది. సరళతో అంటున్నారు.

"యూరిన్ స్క్రీన్‌లో బెంజోడయాజెపైన్ పాజిటివ్ వచ్చిందమ్మా. అంటే నిద్రమాత్రల రకం. ఆయన వాడే బ్యూప్రెనార్ఫిన్‌కు అది తోడైతే ఊపిరి తగ్గిపోతుంది. నిద్రమాత్రలు ఎవరిచ్చారు?"

"నేనియ్యలే సార్. మా ఇంట్ల ఒక్క నిద్రగోలి గూడ లేదు."

తర్వాత ఆమె నా వైపు తిరిగింది. ముఖంలో కోపం లేదు. ఒకప్పుడు రోజూ చూసి, ఇక చూడనక్కరలేదనుకున్న చూపు అది.

"ఏడ దాచినవ్?" అంది.

ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో చెప్పాలంటే కొన్నేళ్లు వెనక్కి పోవాలి.

అప్పట్లో నేను మేడ్చల్, శామీర్‌పేట మండలాల వార్తలు రాసే విలేకరిని. ఒకసారి వార్త పని మీద పోతూ రాజీవ్ రహదారి మీద బండి జారి పడ్డాను. నడుములో డిస్క్ జరిగింది. కుడికాలు పిక్క దాకా మంట. ఎముకల డాక్టర్ కొద్దిరోజులకని ట్రమడాల్ అనే నొప్పి గోలీ రాశారు. చీటీ గడువు అయిపోయింది, నొప్పీ చాలావరకు తగ్గింది, గోలీ మాత్రం ఆగలేదు. తెలిసిన దుకాణం, తెలిసిన మనిషి. అడిగితే ఇచ్చేవాడు.

ఏదో తేడాగా ఉందని నాకు తట్టింది కుత్బుల్లాపూర్‌లో బంధువుల గృహప్రవేశం రోజున. స్ట్రిప్ ఇంట్లో మరిచిపోయి వెళ్లాను. భోజనాల వేళకు ముక్కు కారడం మొదలైంది. ఆవలింత మీద ఆవలింత. ఎండలో నిలబడ్డా ఒళ్లంతా గగుర్పాటు. ఫ్లూ అనుకున్నాను. ఇంటికొచ్చి, నడుము నొప్పి లేకున్నా ఒక గోలీ వేసుకున్నాను. కాసేపట్లో ఫ్లూ పోయింది. ఫ్లూ అట్లా పోదని నాకు తెలుసు. తెలిసినా ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత గోలీల సంఖ్య పెరిగింది. సరళ స్ట్రిప్పులు వెతికి పట్టుకునేది. బియ్యం డబ్బాలో ఒకటి, బండి సీటు కింద ఒకటి, పాత పేపర్ల కట్టల నడుమ ఇంకొకటి. అవి దొరికిన ప్రతిసారీ అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇంకా ఏడ దాచినవ్? ఒకరోజు వార్త టైప్ చేస్తూ ఫిట్స్ వచ్చి పడిపోయాను. ట్రమడాల్ ఎక్కువైతే ఫిట్స్ వస్తాయట. ఫిట్స్ చూసిన డాక్టరే సైకియాట్రీకి పంపారు.

అక్కడి డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. "షుగర్‌కు, బీపీకి ఎలా వాడతారో దీనికీ అలాగే మందు వాడతాం," అన్నారు. బ్యూప్రెనార్ఫిన్ రాశారు. నాలుక కింద పెట్టుకుని కరిగేదాకా ఉంచాలి. మింగితే సరిగా పనిచేయదు. విత్‌డ్రాయల్, అంటే పాత గోలీ మానితే వచ్చే బాధ, బాగా మొదలైతే తప్ప మొదటి గోలీ ఇవ్వనన్నారు. తొందరపడి ముందే వేస్తే బాధ ఇంకా పెరుగుతుందట. ఆ మొదటి పొద్దు ఆసుపత్రి బెంచీ మీద వణుకుతూ కూర్చున్నాను. గోలీ కరిగాక, చాలాకాలం తర్వాత, నాకు ఆకలి వేసింది.

మందు ఇంట్లో ఒకరి చేతిలో ఉండాలని డాక్టరమ్మ చెప్పారు. సరళ దాన్ని బీరువాలో పెట్టి తాళంచెవి బొడ్లో దోపుకుంది. పొద్దున కంపెనీ క్యాబ్ రాకముందే గోలీ నా అరచేతిలో పెట్టేది. కరిగేదాకా నేను మాట్లాడకూడదు. ఇంటి సంగతులన్నీ ఆమె ఆ సమయానికే దాచుకునేది. ఆమె చెప్పడం, నేను తల ఊపడం. "ఎన్నడన్న గిట్ల ఇన్నవా నా మాట? గీ గోలీ పెండ్లయిన నాడే ఇయ్యాల్సుండె," అని నవ్వేది. చివరికి "నాలిక లేపు" అని చూసి, గోలీ లేదని తెలిశాకే బ్యాగు అందుకునేది. ఏడాది గడిచేసరికి ఆ చూడటం దానంతటదే ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో ఇద్దరమూ గమనించలేదు.

మళ్లీ వార్తలు రాయసాగాను. ఒంట్లో బాగుంది. బాగున్నప్పుడే ఇది ఇంకెన్నాళ్లు అనే ఆలోచన మొదలైంది. అక్క పైకే అనేసింది.

"గోలీలు బంద్ జేసెతందుకు గోలీ ఇచ్చిండ్రు. ఇగ గీ గోలీ బంద్ జేసెతందుకు ఇంకేం గోలీ ఇస్తరో!"

టేపరింగ్, అంటే మందు కొద్దికొద్దిగా తగ్గించడం గురించి అడగడానికి వెళ్లిన రోజు సరళకు సెలవు దొరకలేదు. అక్కే తోడు వచ్చింది. డాక్టరమ్మ నేను చెప్పిందంతా విన్నారు.

"నాకు తొందర లేదు, తొందరంతా మీదే. కొందరికి ఏళ్ల తరబడి వాడటమే క్షేమం. తగ్గించాలనుకుంటే కొంచెం తగ్గించి, అక్కడ ఒళ్లు కుదురుకున్నాక ఇంకొంచెం. మళ్లీ పెంచాల్సి వస్తే సిగ్గుపడొద్దు. ఆల్కహాల్, నిద్రమాత్రలు అసలు ముట్టొద్దు."

అక్క పక్కనే కూర్చుని అన్నిటికీ తల ఊపింది.

మొదట్లో తగ్గించినప్పుడు తేడా తెలియలేదు. భయం మాత్రం అప్పుడే పట్టుకుంది. తుమ్ము వస్తే అది తుమ్మేనా? చెమట పడితే ఎండకేనా? ఆవలింత వస్తే మరీ కష్టం. నేను నోరు తెరవగానే వంటగదిలో సరళ గరిటె ఆగేది. అక్క ఉంటే చిటికె వేసేది, వేసి నా ముఖంలోకి తేరిపార చూసేది. సొంత ఇంట్లో ఆవలించడానికి జంకి, బాత్రూంలోకి పోయి ఆవలించేవాణ్ని.

అసలు కష్టం చివర్లో వచ్చింది. అన్నిటికన్నా చిన్న గోలీని సగం చేశాక నిద్ర కరువైంది. పడుకుంటే కాళ్లు వాటంతటవే తన్నుకునేవి. లోపల సన్నటి దడ, ఏదో చెడ్డ కబురు రాబోతున్నట్టు. డాక్టరమ్మ ఫోన్లో "వెనక్కి పోదామా?" అంటే, ఇంకొన్నాళ్లు చూస్తానన్నాను. ఇంత దూరం వచ్చి వెనక్కి పోతే మళ్లీ రాలేనేమోనని భయం. నన్ను ఒంటరిగా వదిలి పనికి పోవడానికి సరళకు మనసొప్పలేదు. అక్క బట్టల సంచితో తన ఊరి నుంచి దిగింది.

ఆ రోజు పొద్దున నాకు గుర్తున్నది ఇంతే: నాలుక కింద సగం గోలీ చేదు, బయట క్యాబ్ హారన్, గడపలో సరళ చెప్పులు వేసుకుంటూ "అన్నం తిను" అనడం. ఆ తర్వాత డ్యూటీ డాక్టర్ మాట. నడుమ ఏమీ లేదు.

"ఏడ దాచినవ్?" అన్నప్పుడు ఎక్కడా దాచలేదన్నాను. మర్నాడు ఆమె ఇంటికి పోయి వచ్చింది. చీర అంచుకు దుమ్ము ఉంది. బియ్యం డబ్బా, బండి సీటు, పేపర్ల కట్టలు, అన్నీ వెతికిందని తెలుస్తూనే ఉంది.

"దొరకలే," అంది. లేవు అని మాత్రం అనలేదు.

ఆ రోజే డాక్టరమ్మ వచ్చారు. నన్ను వదిలేసి అక్కను అడిగారు, ఆ పొద్దున నేనేం తిన్నానని.

"రెండు ఇడ్లీలు తిన్నడమ్మ. ఒళ్లు కాకజేసి కాళ్లు ఒకటే తన్నుకుంటాండని ఇంత కల్లు తాపిన. చెంబెడు. ఇగ అన్నం ఏడ తిన్నడు, పండుకున్నోడు పండుకున్నట్టే."

డాక్టరమ్మ అన్నారు.

"ఆల్కహాల్ వద్దన్నాను కదమ్మా. మీరూ ఉన్నారు ఆ రోజు."

"బ్రాందీ, సారా వొద్దంటాన్నరని సమజైంది. కల్లు ఏడ వొద్దన్నరు? కల్లు సలువ గదమ్మా. బాలెంతలకు తాపుతం, పసిపోరగాండ్లకు గూడ తాపుతం."

"ఎక్కడి కల్లు?"

"చెట్టు కల్లు. చెట్టుదే గావాలని మా ఊరి ఆటో పిలగానితోని అడిగి తెప్పిచ్చిన."

డాక్టరమ్మ నెమ్మదిగా వివరించారు. చెట్టు కల్లులో ఆల్కహాల్ ఉంటుంది, ఈ మందు మీద అదీ ప్రమాదమే. కానీ దానివల్ల యూరిన్‌లో బెంజోడయాజెపైన్ పాజిటివ్ రాదు. కొన్ని కల్లు కాంపౌండ్లలో, అంటే కల్లు అమ్మే దుకాణాల్లో, అల్ప్రాజోలం కలుపుతారు. అది నిద్రమాత్ర జాతిదే. అలాంటి కల్లయితే ఈ రిపోర్టుకు లెక్క కుదురుతుంది.

సరళ అంతా విని అంది. "అంటే మేడం, గా కల్లు చెట్టుదే అయితే, గోలి ఈయన మింగినట్టే గదా?"

"ఏయ్ సరళా! నా తమ్ముని మీద గట్లనకు," అని అక్క లేచింది.

"మరైతే వదినె, నువ్వు తెచ్చింది కాంపౌండ్ కల్లు."

"నేనెందుకు తెస్త? తోడబుట్టినోనికి నేను మందు గలిపింది తాపుతనా?"

తను తెచ్చింది చెట్టు కల్లే, తమ్ముడు ఏ గోలీ మింగలేదు. అక్కకు రెండూ నిజమే కావాలి. రిపోర్టు రెండింటినీ ఒకేసారి నిజం కానివ్వడం లేదు. వాళ్లిద్దరి నడుమ నేను సెలైన్ పెట్టిన చేత్తో పడుకుని ఉన్నాను.

"ఆ కల్లు ఏమైనా మిగిలిందా?" అన్నారు డాక్టరమ్మ.

"ఏడ మిగుల్తదమ్మా? సీస పారేసిన. చెంబు తోమి బోర్లిచ్చిన."

ఇంటికొచ్చాక ఆటో అతనికి నేనే ఫోన్ చేశాను. "చెట్టుదే అన్నా, నీకెందుకు అబద్ధం చెప్త," అన్నాడు. ఏ చెట్టు, ఎవరు దించారు అని అడిగేసరికి సిగ్నల్ లేదన్నాడు. తర్వాత ఎత్తలేదు.

కల్లు కాంపౌండ్ల మీద నేను చాలా వార్తలు రాశాను. అధికారి మాట, అమ్మేవాడి మాట, ల్యాబ్ రిపోర్టు పక్కపక్కన పెట్టి రాసేవాణ్ని. ఇందులో నా సొంత సాక్ష్యమే లేదు. నేను గోలీ మింగలేదని గట్టిగా చెప్పాలని ఉంది. మింగే మనిషిని కాను ఇప్పుడు. కానీ ఆ జాతి మందు పడి, ఊపిరి కూడా అంతగా తగ్గితే ముందూ వెనకా కొన్ని గంటలు గుర్తుండకపోవచ్చునని డాక్టరమ్మ చెప్పారు. చెంబు నోటికెత్తుకున్నదే నాకు గుర్తులేదు. ఇక దేని మీద ప్రమాణం చేయను?

మందు మళ్లీ పెంచారు, కాళ్లు తన్నుకోకుండా ఉన్న పాత డోసుకు. నిద్ర వచ్చింది. దడ పోయింది. ఇంటి నుంచే వారానికి కొన్ని కథనాలు రాస్తున్నాను. అక్క ఇప్పటికీ వస్తుంది. వస్తే మజ్జిగ తెస్తుంది. ముందు తను ఒక గ్లాసు తాగి, ఆ తర్వాత నాకు పోస్తుంది. తాగి చూపించమని ఎవరూ అడగలేదు.

ఈ మందు వాడుతున్నవాళ్లకు, వాళ్ల ఇళ్లల్లో వాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటుంది. తాగొద్దన్నవాటిని మీ ఇంట్లో పలికే పేర్లతో, ఒక్కొక్కటిగా, మీకు అన్నం పెట్టే ప్రతి మనిషికీ చెప్పండి. ఆల్కహాల్ అంటే సరిపోదు. కల్లు అని చెప్పండి, అది చెట్టుదైనా సరే. గుడుంబా, దగ్గు సిరప్, పక్కింటివాళ్లు ప్రేమగా ఇచ్చే నిద్రగోలీ, అన్నిటి పేర్లూ చెప్పండి. మీ మీద ప్రేమ ఉన్నవాళ్లకు తప్పకుండా చెప్పండి. మీరు బాధపడుతుంటే చూస్తూ ఊరుకోలేక ఏదో ఒకటి తాపేది వాళ్లే.

వెళ్లిన ప్రతిసారీ డాక్టరమ్మ అడుగుతారు, మళ్లీ తగ్గించడం మొదలుపెడదామా అని. మేమిద్దరం సరేనంటేనే మొదలుపెడతానంటారు. నేను సరళ వైపు చూస్తాను. "ఆగుదాం మేడం," అంటుంది సరళ. ఎందుకో చెప్పదు. నేనూ అడగను. ఎండాకాలం పోయి వానలు పడుతున్నాయి, ఆ జవాబు మారలేదు.

పొద్దున క్యాబ్ రాకముందు ఆమె బొడ్లోంచి తాళంచెవి తీసి, గోలీ నా అరచేతిలో పెడుతుంది. కరిగేదాకా ఇంటి సంగతులు చెబుతుంది, నేను తల ఊపుతాను. బయట హారన్ మోగుతుంది. అయినా ఆమె కదలదు.

"నాలిక లేపు," అంటుంది.