పాస్‌పోర్టు తెచ్చిన పాట

మొన్న మలికిపురంలో మా బావమరిది కొబ్బరి కొట్టు దగ్గర కూర్చుని ఉండగా, అతను తన ఫోను నా చేతిలో పెట్టి, "బావగారూ, మన పాటల తమ్ముడండీ! పెద్ద నాయకుడైపోయేడు. అక్కడ నాకు ఓటుంటే రెండేసేద్దునండి," అన్నాడు. తెర మీద పూలదండల మధ్య చేతులు ఊపుతున్న ఆ ఫిలిప్పీన్స్ మనిషిని వెంటనే గుర్తుపట్టాను. మైకును గడ్డానికి ఆనించి పట్టుకునే తీరు మారలేదు.

మన కాలంలో గల్ఫు వెళ్ళి వచ్చినవారికి చెప్పనక్కరలేదు, విమానం దిగిన రోజునే పాస్‌పోర్టు యజమాని సొరుగులోకి పోయేది. నేను ఒక హోటల్లో స్టోరు చూసేవాణ్ణి, బావమరిది వంటశాలలో పనిచేసేవాడు, ఆ తమ్ముడు సాయంత్రాలు భోజనాల హాల్లో పాడేవాడు. ముగ్గురిదీ ఒకే గది. తమ్ముడి వాళ్ళ దీవిలోనూ కొబ్బరితోటలేనట, అందుచేత మా బావమరిది కాయ ఒలిచే పద్ధతికి రోజూ వంకలు పెట్టేవాడు. అతని పాటకొక ఆనవాయితీ ఉండేది. ఆ పాట ఎవరి పేరిట పాడుతున్నాడో ముందుగా ప్రకటించేవాడు, ఆ అతిథి లేచి చెయ్యి ఊపితే మిగిలినవారు చప్పట్లు కొట్టాక గాని మొదలుపెట్టేవాడు కాదు.

అలా ఉండగా బావమరిదికి కామెర్లు ముదిరాయి. గుక్కెడు గంజి కూడా ఇమడడం లేదు. ఇంకా ఆలస్యమైతే ప్రయాణానికి కూడా పనికిరాడని డాక్టరు హెచ్చరించినా, కూతురి పెళ్ళివిందు అయ్యేవరకూ వంటవాణ్ణి వదలనని యజమాని పాస్‌పోర్టు ఇవ్వలేదు. నేను రోజూ ఆఫీసు గుమ్మంలో నిలబడేవాణ్ణి, గుమాస్తా రేపు రమ్మనేవాడు. ఏ రోజు మాట ఆ రోజే డైరీలో రాసుకునే అలవాటు నాది, కనుక ఇందులో ఒక్క ముక్క కల్పన లేదు. బావమరిది మా ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు. ఆమెకు ఏమని రాయాలో తెలియక కలం పట్టుకుని కూర్చుండిపోయేవాణ్ణి.

విందు నాటి సాయంత్రం హాలంతా పెద్దమనుషులే. పాటల తమ్ముడు రెండు మూడు పాటలు పాడి, మైకు గడ్డానికి ఆనించి, తరువాతి పాట మా గదిలో కామెర్లతో పడి ఉన్న వంటవాడి పేరిట అని, లేచి చెయ్యి ఊపలేడు గనక దయగల యజమానిగారే అతని పాస్‌పోర్టు ఇస్తానని చెయ్యి ఎత్తాలని ఇంగ్లీషులో ప్రకటించి ఊరుకున్నాడు. వాయిద్యాలు ఆగిపోయాయి. ఎవరో చెంచా కింద పెట్టిన చప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ నాదాకా వినిపించింది. యజమాని ముఖం కందిపోయింది. ఒక్క మాటతో జైలుకు పంపగల మనిషి! తమ్ముడు మాత్రం కదలలేదు. చివరకు పక్కనున్న వియ్యంకుడు వంగి ఏదో అడిగాడు, యజమాని నవ్వు తెచ్చిపెట్టుకుని చెయ్యి ఎత్తాడు. చప్పట్లు మోగాక అప్పుడు పాడాడు.

మర్నాడు పాస్‌పోర్టు వచ్చింది. బావమరిది ఇల్లు చేరి బతికాడు. ఆ నెలలోనే తమ్ముడి ఉద్యోగం ఊడింది. స్వదేశం వెళ్ళి టీవీలో పాటగాడయ్యాడనీ, హాస్య కార్యక్రమాలతో పేరు తెచ్చుకున్నాడనీ, ఎన్నికల్లో గెలిచాడనీ విన్నప్పుడల్లా మా ఇంటి పిల్లవాడు గెలిచినట్టే మిఠాయి పంచుకున్నాం.

అందుకే మొన్నటి వీడియో కడదాకా చూశాను. సభలో ఒకావిడ భర్త ఫొటో ఎత్తి పట్టుకుని, పరాయి దేశంలో యజమాని అతని పాస్‌పోర్టు దాచేశాడనీ, విడిపించమనీ అడుగుతోంది. మాటలు కింద ఇంగ్లీషులో పడుతున్నాయి. మనవాడు వేదిక దిగి, ఆమె భుజం మీద చెయ్యి వేసి, ఈ పాట నీ పేరిట అన్నాడు. పాపం, ఆమె చెయ్యి ఊపింది. జనం చప్పట్లు కొట్టారు. పాట అయిపోయింది, సభ కూడా అయిపోయింది, పాస్‌పోర్టు ఊసు లేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మైకు తప్ప మరే అధికారమూ లేనినాడు అడగగలిగినవాడికి ఈనాడు అడగడానికి ఏమొచ్చిందని కేకలు వేశాను. బావమరిది కొబ్బరి పీచు గిల్లుతూ కూర్చున్నాడు.

"నాకు పాస్‌పోర్టు వచ్చిందండి బావగారూ," అన్నాడు. "ఆవిడకి పాటొచ్చింది. అంతేనండి."

మన ఈడువారికి కాలం ఏం మిగిల్చిందని చూసుకుంటే, అన్నీ పోయినవే కనిపిస్తాయంటారు. ఆ తమ్ముడి గొంతు మాత్రం ఇప్పటికీ అంత తియ్యగానే ఉంది. అదీ పోయి ఉంటే నాకింత కష్టంగా ఉండేది కాదేమో.