అంచులో తునికాకు

పొద్దున టిఫిన్ చేస్తుండగా ఫోను మోగి, బీపీ మాత్ర వేసుకున్నారా అని రికార్డు చేసిన ఒక ఆడగొంతు అడిగింది. మా కోడలు నా మంచికే పెట్టించింది, పాపం. కానీ ఆ గొంతు వినగానే నేను ప్లేటు పక్కకు జరిపేశాను.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, క్షయ అంటే ఇంట్లో గ్లాసు వేరు, కంచం వేరు, పడక వేరు. ధర్మపురి చుట్టుపక్కల ఊళ్లలో ఒక చిన్న సేవాసంస్థ తరఫున ఆ మందులు దగ్గరుండి మింగించడం అప్పట్లో నా ఉద్యోగం. బీడీలు చుట్టే ఆడవాళ్లు చాలామంది ఇంటికి రావద్దనేవారు. అందుకని వాళ్లు బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు వచ్చినప్పుడు, చాటలో బీడీలు చుట్టే తునికాకు కింద మాత్రల పొట్లం పెట్టేదాన్ని, అక్కడే నీళ్లతో మింగేవారు. అలాంటివాళ్ల పేరు పక్కన, రిజిస్టరు అంచులో, చిన్న ఆకు బొమ్మ గీసుకునేదాన్ని. ఆకు ఉందంటే ఆ ఇంటి గడప తొక్కకూడదు.

వాళ్లలో ఒకామె నన్ను అక్కా అనేది, నాకూ సొంత చెల్లెలాగే ఉండేది. ఇద్దరు చిన్నపిల్లల తల్లి. "అక్కా, ఇంటికైతే రాకు, మా అత్తకు ఎరుకైతె పిల్లల నా దగ్గరికి రానియ్యదు" అని మొదటి రోజే నా చెయ్యి పట్టుకుంది. నాలుగు నెలలు ఒక్క పూట తప్పకుండా మింగింది, బుగ్గలు కూడా నిండాయి. ఇంకో రెండు నెలలైతే గండం గడిచేది.

సరిగ్గా అప్పుడే మాకు ట్యాబ్‌లు ఇచ్చారు. అబ్బ, ఎంత సంబరపడ్డానో! రిజిస్టరు మోత తప్పిందని దానికి పసుపు కుంకుమ పెట్టి మరీ వాడడం మొదలుపెట్టాను. పేర్లన్నీ అందులోకి ఎక్కిస్తూ వచ్చి ఆ చెల్లె పేరు దగ్గర ఆగిపోయాను, ఫోను నెంబరు గడి నింపనిదే అది ముందుకు పోనివ్వదు, ఆమెకేమో ఫోను లేదు. నేను మహా తెలివైనదాన్ని కదా, అంగన్‌వాడీలో ఉన్న ఆమె పిల్లల టీకాల కార్డు మీది నెంబరు చూసి కొట్టేశాను. ఆకు బొమ్మకు అందులో చోటు లేదు. ఉన్నా ఆ తొందరలో గుర్తొచ్చేదో లేదో.

అది వాళ్ల అత్త ఫోను. ట్యాబ్‌లో ఎక్కిన నెంబర్లన్నింటికీ పోయే ఒక గొంతు, మరుసటి వారం నుంచి అందులో, క్షయ మందు వేసుకున్నారా అని పేరు పెట్టి మరీ అడగడం మొదలుపెట్టింది.

పిల్లలను ఉంచుకుని, చెల్లెను పుట్టింటికి పంపేశారు. పుట్టిల్లు ఎక్కడో ఆ అత్త నాకు చెప్పలేదు. ఎలాగో ఆచూకీ పట్టి, మంచిర్యాల దాటి ఆ ఊరు చేరేసరికి, ఆమె మందు మానేసి మూడు నెలలైంది. నులకమంచంలో ఎముకల గూడు. మాత్రలు చేతిలో పెడితే పక్కన పెట్టేసింది.

"ఎవరి కోసం మింగాలె అక్కా? పిల్లలే నాకు లేకపాయె."

మళ్లీ తనే, "గా నెంబరు ఎవరిచ్చిన్రో నీకేమన్న ఎరుకనా?" అంది.

బతుకమ్మ పండుగ దాకా కూడా ఉండలేదు.

ఇప్పుడు ఆ ఫోన్లే ఎందరినో నిలబెడుతున్నాయంటారు, నిజమే, నేను కాదనను. యంత్రాన్ని ఏమని తిట్టను, ఆకు గీసిన చెయ్యే ఆ నెంబరూ కొట్టింది. పాత రిజిస్టర్లు ఎప్పుడో కాల్చేశారు, ఏ ఇంటి గడప తొక్కకూడదో తెలిసినవాళ్లమూ ఇంట్లో కూర్చున్నాం.

జవాబు ఇచ్చేదాకా ఈ ఫోను విసుక్కోకుండా పదేపదే అడుగుతుంది. నా చెల్లె ఒక్కసారే అడిగింది. నాకు ఎరుక లేదన్నాను.