పళ్లతో వినే మెకానిక్

వీధి చివర షెడ్డులో కార్ల మెకానిక్ కళ్లు మూసుకుని కూర్చుంటే, కునుకు తీస్తున్నాడనుకునే తెలివిగలవాళ్లు చాలామందే ఉన్నారు. రేడియేటర్ ఫ్యాన్ మోటారు విప్పి ఎదురుగా పెట్టుకుంటాడు. పసిబిడ్డ మొహం తుడిచినట్టు దుమ్ము తుడుస్తాడు. బ్యాటరీ తీగలు తగిలించి, స్క్రూడ్రైవర్ మొన మోటారుకు ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని ఉయ్యాలెక్కినవాడిలా ఏ లోకానికో వెళ్లిపోతాడు. తిరిగొచ్చి జబ్బు చెబుతాడు. ఈమధ్య ఆ పిడిని పళ్ల మధ్య పెట్టుకుంటున్నాడు.

మొన్న టాక్సీ డ్రైవరు వెనక నుంచి, "ఆకలేస్తే అన్నం తినాలి గానీ ఇనుము నములుతావేంటి బాబాయ్?" అన్నాడు. ఉలుకూ పలుకూ లేదు. హారన్ మోగించాడు. గోడ మీది పిల్లి దూకి పారిపోయింది. మెకానిక్ మాత్రం కదల్లేదు.

కాసేపటికి కళ్లు తెరిచి, "మోటారు లోపలి కార్బన్లు అరిగిపోయాయిరా," అంటూ వెనక్కి తిరిగాడు. హారన్ మీద డ్రైవరు చెయ్యి ఇంకా అలాగే ఉంది. అది చూసి మెకానిక్ మొహం పాలిపోయింది.

"ఎవరికీ చెప్పకురా. చెవుడని తెలిస్తే నాకు బండెవరిస్తారు?"

కొత్త కార్బన్లు పడ్డాయి. ఫ్యాన్ గిర్రున తిరిగింది. ఆ గాలికి ఆయన తెల్లజుట్టు మబ్బులా లేచింది. డ్రైవరు చుట్టూ తిరిగొచ్చి, ఆయన కళ్లెదుట నిలబడి, పెదాలు కదలడం కనబడేలా నెమ్మదిగా అన్నాడు: "ఏం చెప్పకూడదు బాబాయ్? ఫ్యాన్ బాగైందనా?"