మా ఊరు పెట్టుకున్న దొంగ

ఊళ్లో దొంగలుండటం వేరు, ఊరే ఒక దొంగను పెట్టుకోవడం వేరు. మాది రెండో రకం ఊరు. గొర్రెలకు కాపరి ఉన్నట్టు, చర్చికి పూజారి ఉన్నట్టు, మా కొండదారి కనుమకు నల్ల వెల్కో ఉండేవాడు. ఆ పేరు వింటే సోఫియా పట్నం నుంచి వచ్చే కంచరగాడిదలవాళ్లు శిలువ గీసుకుని, జేబులు తడుముకునేవాళ్లు. ఆ నల్ల వెల్కో ఎవరో కాదు, మా బావ నైదెన్. మా అక్క స్తానా మొగుడు.

ఈ సంగతి అర్థం కావాలంటే మా బతుకు కొంచెం చెప్పాలి. సుల్తాను గారి శాసనం ప్రకారం కనుమ కాపలా మా ఊరిది. మగవాళ్లు వంతులవారీగా దారి మలుపులో కూర్చుని డోలు వాయించాలి. డోలు మోగుతుంటే దారి క్షేమమని లెక్క, ఆగితే ఎక్కడివాళ్లు అక్కడే ఆగిపోవాలి. అందుకు ప్రతిఫలంగా మాకు సగం పన్నులు మాఫీ, వెట్టి అసలే లేదు. కానీ కనుమలో ఎవరైనా దోపిడీకి గురైతే ఆ నష్టం ఊరే పూడ్చాలి. అందుకని మావాళ్లు ఎంత గట్టిగా కాపలా కాశారంటే, మా తాతల నాటికే ఈ కొండల్లో మందుకు కూడా ఒక దొంగ మిగల్లేదు.

అక్కడే వచ్చింది చిక్కు. దొంగలే లేనప్పుడు కాపలా ఎందుకు, కాపలా లేనప్పుడు మాఫీ ఎందుకు అని కొత్తగా వచ్చిన ప్రతి అధికారికీ తోచేది. మా పని అడకత్తెరలో పోకచెక్క అయింది. దొంగ ఉండాలి, దొంగతనం మాత్రం జరగకూడదు. మా తాతలు తెలివైనవాళ్లు, నల్ల వెల్కో అనే పేరు ఒకటి పుట్టించి, ఏటా ఆకు రాలే కాలంలో అధికారి కనుమ దాటేటప్పుడు ఒక మనిషిని బండ మీద నిలబెట్టడం మొదలెట్టారు. చాలా ఏళ్లు మా నాన్నే ఆ దొంగ. ఆయన మోకాళ్లు పోయాక ఉద్యోగం అల్లుడికి వచ్చింది.

చూపులకు మా బావ అచ్చంగా దొంగే. కలిసిపోయిన కనుబొమ్మలు, చెవుల దాకా మీసం, తలుపుకు అడ్డంపడే భుజాలు. మనసు మాత్రం వెన్నముద్ద. పండక్కి గొర్రెపిల్లను కోసే రోజున ఏదో పని కల్పించుకుని కొండ మీదికి పోయేవాడు. మా పెరట్లో బాతు తరిమితే కంచె దూకినవాడు ఆయన. నేను ఊరంతా చెప్పి నవ్వితే, "అది మామూలు బాతు కాదే నేదా, నువ్వు దాని మొహం చూళ్లేదు" అనేవాడు.

ఆయన దొంగతనం ఎలా ఉండేదంటే, అధికారి గుర్రం మలుపు తిరగ్గానే బండ మీద నిలబడి, తుపాకీ ఆకాశంలోకి పేల్చి, "ఆగండిరా!" అని అరిచేవాడు. కొండలు దద్దరిల్లేవి. వెంటనే మావాళ్లు కేకలేస్తూ పైకి పరిగెత్తేవాళ్లు, ఈయన అటువైపు దిగి ఇంటికి వచ్చి పాలు పితికేవాడు. కింద అధికారి చెమట తుడుచుకుని, మా కాపలావాళ్ల ధైర్యాన్ని మెచ్చుకుని, ఒక జున్ను ముద్ద పుచ్చుకుని వెళ్లిపోయేవాడు. ఒక ఏడాది మాత్రం మా బావ "ఆగండిరా!" అన్నాక ఊరుకోక, "ఒరే బాబూ, నీ గుర్రం జీను వదులైంది, ముందు అది బిగించుకో, పడతావు!" అని అరిచాడు. ఊరిపెద్ద పెంచో బాబాయి ఆ దెబ్బకు వారం రోజులు మా గడప తొక్కలేదు.

ఇలా హాయిగా సాగిపోతుండగా, సుల్తాను తరఫున ఏలడానికి సోఫియాకు కొత్త పాషా వచ్చాడు. వస్తూనే చాటింపు వేయించాడు. ఆకు రాలే కాలంలో వచ్చే దిమితర్ పండుగలోపు లొంగిన దొంగకు క్షమాభిక్ష, లొంగనివాడికి కొరతశిక్ష. గడువు దాటితే సైన్యం కొండెక్కుతుంది, దొంగకు అన్నం పెట్టిన ఊరు బూడిదవుతుంది.

పెంచో బాబాయి ఇంటి వాకిట్లో ఊరంతా చేరింది. నిజం చెప్పేద్దామని ఒకరన్నారు. ఇన్నేళ్లు సర్కారును మోసం చేశామని మన నోటితో మనమే చెప్పుకుంటామా అని పదిమంది ఆయన మీద పడ్డారు. చివరికి పెంచో బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"నైదెన్ వెళ్లి లొంగిపోవడమే దారి. క్షమిస్తానని పాషాయే అంటున్నాడుగా."

"పాత పాషా కూడా అన్నాడు," అంది మా అక్క. "ఆ లొంగినవాళ్ల తలలు కోట గుమ్మానికి వేలాడితే నువ్వే చూసొచ్చి మాకు చెప్పావు బాబాయ్."

"ఊరంతా పోవడం కంటే ఒక్క తల పోవడం నయం కాదుటే స్తానా?"

"అయితే నీది పంపు. నీదీ ఒక్కటేగా!"

ఒక్కడంటే ఒక్కడు మా అక్క వైపు మాట్లాడలేదు. మా బావ ఎవరికి ఇంటికప్పు వేసిపెట్టాడో వాళ్లు, ఎవర్ని భుజాన మోసి వైద్యుడి దగ్గరకు చేర్చాడో వాళ్లు, అందరూ కాళ్ల వైపు చూసుకుంటూ కూర్చున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను, ఇప్పటికీ అందులో ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను. మా బావే నన్ను ఆపాడు.

"ఊరుకోవే. సైన్యం వస్తే ముందు గడ్డివాములు తగలెడతారు. చలికాలం పశువులేం తింటాయి?" అన్నాడు. తన తల పోయే మాట మీద ఆ మనిషి గడ్డి గురించి ఆలోచిస్తున్నాడు.

మర్నాడు బయల్దేరాం. ముందు బావ, వెనక తుపాకులు పట్టుకుని పెంచో బాబాయీ కాపలావాళ్లూ, వాళ్ల వెనక నేనూ మా అక్కా. దారి పొడుగునా బావ ఏ చేనులో గోధుమ బాగా మొలిచిందో చూపిస్తూ నడిచాడు.

పాషా కచేరీలో ఆయన్ని మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. గుమ్మం దగ్గర తలారి నిలబడి ఉన్నాడు. పాషా సన్నగా, ముక్కు మీద కోపంతో, గుమ్మడిపువ్వు లాంటి పసుపు చెప్పులేసుకుని కూర్చున్నాడు.

"ఎంతమందిని చంపావు?"

"ఎవర్నీ లేదు దొరా."

"ఎంతమందిని దోచావు?"

మా బావ వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. అబద్ధం ఆయన నోటికి పలకదు. "ఒకసారి ఒకాయన టోపీ గాలికి ఎగిరి పడితే తీశాను దొరా. ఇచ్చేద్దామని వెనకాలే పరిగెత్తా. ఆయన ఆగితేగా!"

కచేరీ అంతా గొల్లున నవ్వింది. పాషా కూడా కళ్లు తుడుచుకున్నాడు. "లొంగిన ప్రతివాడూ అడక్కుండానే డప్పు కొట్టుకుంటాడు. వీడు చూడండి, ఇంత పేరుండీ నోరు విప్పడు. గట్టి పిండం," అన్నాడు. అక్కడి ఆనవాయితీ ఒకటుంది, లొంగిన దొంగ పనికొచ్చేవాడైతే ఆ కొండల కాపలానే వాడికి అప్పగిస్తారు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు కాదూ అంటే, తాళాల సంగతి దొంగకు తెలిసినంత ఎవరికి తెలుసు అంటారు. మా బావ భుజాల మీద ఎర్ర అంగీ కప్పి, ఆయన్ని కనుమ దళపతిని చేశారు. ఇక నుంచి పెంచో బాబాయి కూడా ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. మా అక్క అక్కడే నేల మీద కూలబడి భోరున ఏడ్చింది.

అప్పుడు పాషా మరో మాట అడిగాడు. "దళపతీ, నల్ల వెల్కో నా దగ్గరకు వచ్చేశాడు. ఇంక ఆ కొండల్లో దొంగ ఎవడైనా మిగిలాడా? లేకపోతే ఆ ఊరికి మాఫీ దండగ."

పెంచో బాబాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. మా బావ వెనక్కి తిరిగి, తనని తోలుకొచ్చిన మావాళ్లందరినీ ఒక్కొక్కరినే చూశాడు. లేడంటే చాలు, ఊరి మీద పగ తీరిపోతుంది. నేనైతే లేడనేదాన్ని.

"ఉన్నాడు దొరా, ఇంకొకడు," అన్నాడు బావ. ఆయన నోట నేను విన్న మొదటి అబద్ధం అది.

ఇంటికొచ్చాక కొత్త దొంగ కావాల్సి వచ్చింది. ఎవరుంటారని బావ అడిగితే అందరూ ఒకడి వెనక ఒకడు నక్కారు. దొంగగా ఉన్నవాడికి ఈ ఊరు ఏం చేస్తుందో కళ్లారా చూశాక ఎవడు ముందుకొస్తాడు? చివరికి మా అక్క అంది, "పెంచో బాబాయి ఉన్నాడుగా." ఆయన కాదనలేకపోయాడు.

మరుసటి ఏడు ఆకు రాలే వేళకు పాషా కింది అధికారి సైనికులతో కనుమ దాటాడు. బండ మీద పెంచో బాబాయి నిలబడి, "ఆగం... ఆగండి!" అన్నాడు. మేక అరిచినట్టుంది. మావాళ్లు ఇంకా పరిగెత్తకముందే అధికారి చెయ్యెత్తి ఆపాడు.

"దళపతీ, వెంటపడటమెందుకు? ఆ దొంగ ఎవడో మీ ఊరికి తెలిసే ఉంటుంది. పట్టి అప్పజెప్పండి, మిగతా సగం పన్నులు కూడా మాఫీ చేయిస్తా."

డోలు కొట్టేవాడి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. మంచి బేరం. ఇలాంటి బేరాలకు మా ఊరు ఎంత తొందరగా లొంగుతుందో అందరికీ తెలుసు. ఆ కనుమలో గుసగుస కూడా పై బండ దాకా వినిపిస్తుంది.

"మాది మనుషుల్ని అప్పజెప్పే ఊరు కాదండి," అన్నాడు బావ.

అధికారి పకపకా నవ్వాడు. "మరి నిన్ను తెచ్చి అప్పజెప్పింది వీళ్లే కదయ్యా?"

"లేదండి. నా అంతట నేనే వచ్చాను."

మేమెవ్వరం తలెత్తలేదు. అధికారి ఇంకేం అడగలేదు, జున్ను పుచ్చుకుని వెళ్లిపోయాడు.

పెంచో బాబాయి పొద్దువాలినా బండ దిగి రాలేదు. ఏడాదిగా ఆయన మొహం చూడని మా అక్క రొట్టె, ఉల్లిపాయ మూటకట్టి నా చేతిలో పెట్టింది. "పైకెళ్లి ఆ ముసలాడికి ఇచ్చిరా. చలిగా ఉంది," అంది.