చాచా జేబులో మాత్రల షీటు

నిన్న ఈ అరబ్బు దేశపు పట్నంలో, మిర్కాబ్‌లోని మా ఆఫీసు వంటగదిలో అరబ్బీ కాఫీ కాచి ఫ్లాస్కులో పోస్తుండగా మా ఊరివాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక వార్త వచ్చింది. మత్తుమందు ఎక్కువై పడిపోయినవాడి కోసం ఎవరైనా ఫోన్ చేసినా, మత్తుకు అలవాటుపడినవాడే వైద్యం కావాలని వచ్చినా ఇకమీదట కేసు పెట్టరట, ఇక్కడి కొత్త చట్టంలో అలా ఉందట. అందులో నిజమెంతో, షరతులెన్నో నాకు తెలియదు గానీ, చదవగానే మా చాచా గుర్తొచ్చాడు.

వఫ్రా తోటల్లో పనిచేసిన నా ఈడువాళ్ళకు అక్కడి బతుకు నేను చెప్పనక్కర్లేదు. బస్సుల జాడ ఉండదు, దోసకాయల పందిళ్ళ కింద వంగి వంగి నడుములు విరిగిపోయేవి. నన్ను అక్కడికి పిలిపించుకున్నది మా పెదనాయన కొడుకు, నాకు అన్న. నడుంనొప్పికి ఆసుపత్రికి పోవాలంటే కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, సెలవియ్యాలి, బండి పంపాలి, అంత ప్రయాస ఎందుకని ఆయన కూరగాయల లారీలో వచ్చే ఒకడి దగ్గర మాత్రలు కొనడం మొదలుపెట్టాడు. మొదట నొప్పికి వేసుకున్నాడు, తరువాత నిద్రకు, ఆ తరువాత ఎందుకో ఆయనకే తెలియదు. మా గదిలో మూడో మనిషి రాయచోటి చాచా, మా ఇద్దరికన్నా పెద్దవాడు, అరబ్బీ ధారాళంగా మాట్లాడేవాడు. ఆ మాత్రలు కంటపడినప్పుడల్లా అన్నను నోటికొచ్చినట్టు తిట్టి, మళ్ళీ ముందుగా ఆయన కంచంలోనే అన్నం పెట్టేవాడు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం నేను బట్టలుతుక్కుని గదిలోకి వచ్చేసరికి అన్న వెల్లకిలా పడి ఉన్నాడు. గురక వింతగా ఉంది, పెదవులు నీలం తిరిగాయి, ఎంత కుదిపినా కళ్ళు తెరవడు. నేను చేసిన మొదటి పని ఏమిటో తెలుసా, కఫీల్‌కు ఫోన్ చేయడం. పన్ను పీకించుకోవాలన్నా ఆయన్నడిగే అలవాటైనవాళ్ళం, ప్రాణం పోతున్నా అదే అలవాటు ముందుకొచ్చింది. ఆయన ఎత్తలేదు. ఆయన చెప్పందే అంబులెన్సును పిలిస్తే వెనకే పోలీసులొస్తారని, మీ ఇఖామాలన్నీ ఖలాస్, ఇక్కడ ఉండే అనుమతే పోతుందని నా కేక విని వచ్చిన తోట మేనేజరు భయపెట్టాడు. నేను మళ్ళీ మళ్ళీ అదే నంబరు నొక్కుతున్నాను, ఏడుస్తున్నాను. అంతలో నమాజు చదివి చాచా వచ్చాడు. అన్నను పక్కకు తిప్పి పడుకోబెట్టి, తన ఫోనే తీశాడు.

"కఫీలు ఎత్తినప్పుడు ఎత్తుతాడు లేరా. వీనికి ఊపిరి ఆగేదాంక మనం కాసుకోనుండల్లనా?"

అంబులెన్సువాళ్ళు అడిగినదానికల్లా దాపరికం లేకుండా చెప్పాడు. అంబులెన్సు వచ్చింది, వెనకే పోలీసు జీపూ వచ్చింది. అన్న తలగడ కింద మిగిలిన మాత్రల షీటును, చూస్తే ఏం మందో డాక్టరుకు తెలుస్తుందని, చాచా తన చొక్కా జేబులో పెట్టుకుని అంబులెన్సు ఎక్కాడు. ఆ షీటు చూసే డాక్టరు సరైన మందు ఇవ్వగలిగాడని, అన్న బతికాడని తరువాత తెలిసింది. డాక్టరు చూసి తిరిగిచ్చిన షీటు మళ్ళీ చాచా జేబులోకే చేరింది, అక్కడే పోలీసులకు దొరికింది.

అది ఎవరిదని, ఎందుకు తెచ్చావని అడిగితే ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు, ఎవరూ నమ్మలేదు. కొన్నాళ్ళు లోపల ఉంచి, మళ్ళీ ఈ దేశంలో అడుగుపెట్టకుండా వేలిముద్రలు తీసుకుని, అటునుంచటే విమానం ఎక్కించారు. కోలుకున్నాక అన్ననూ పంపేశారు. చాచా పెట్టె నేనే సర్దాను, నమాజు చాప మడతపెట్టి అన్నిటికన్నా పైన ఉంచాను. ఫోనెత్తని కఫీల్ మీద వచ్చిన కోపం ఇప్పటికీ నాలో చల్లారలేదు.

ఈ కథ వఫ్రా అంతా పాకింది. మరుసటి ఏడు పక్క తోటలో ఒకతను అట్లాగే పడిపోతే, అతని గదివాళ్ళు ముందు మాత్రలన్నీ ఏరి పారేసి, గది ఊడ్చి, నేల కడిగి, అప్పుడు కఫీల్‌కు ఫోన్ చేశారట. అప్పటికి మనిషి చల్లబడిపోయాడు. ఆ గది ఊడ్చినవాడే చాన్నాళ్ళకు మిర్కాబ్ బస్టాపులో నాతో ఇది చెప్పుకుని ఏడ్చాడు. చాచాకు పట్టిన గతి మాకూ పడుతుందనుకున్నామన్నా అన్నాడు.

పోయినసారి సెలవులో రాయచోటి పోయి చాచాను చూశాను. ఇక్కడి సంపాదనతో మొదలుపెట్టిన ఇల్లు గోడల దగ్గరే ఆగిపోయింది, పిల్లర్ల మీద ఇనుప చువ్వలు తుప్పుపట్టి నిలబడి ఉన్నాయి. చాచా నన్ను ఆ గోడల నీడలో కూచోబెట్టాడు. మీ అన్న బాగుండాడా, మనవడు పుట్టినాడంట కదా అని అడిగి నవ్వాడు.

ఇప్పుడు వఫ్రాకు అంబులెన్సులూ తొందరగానే వస్తున్నాయంటారు, చట్టమూ మారిందంటున్నారు. కానీ నిన్నటి వార్త కింద గ్రూపులో మొట్టమొదట వచ్చిన ప్రశ్న, ఈమధ్యే వఫ్రాలో పనికి కుదిరిన ఒకతనిది: "ఫోన్ జేస్తే కఫీలుకు తెలుస్తాదా అన్నా?"

ఊపిరి ఆగేదాంక మనం కాసుకోనుండల్లనా అని చాచా ఆ రోజు చెప్పిన మాటనే జవాబుగా రాసి పంపాను. ఆ మాట రాయడానికి నాకు చట్టం అండ ఉందంటున్నారు. ఆ రోజు ఆ మాట అనడానికి ఆయనకు ఏ అండా లేదు.