మా అమ్మ చెప్పిన ఓడదొంగల సినిమా

మా అమ్మకు ఇంగ్లీషు రాదు. అయినా మా చిన్నప్పుడు ఇంగ్లీషు సినిమాలకు అర్థం చెప్పింది ఆమే. సౌకార్‌పేటలో గాజుల కొట్లో పనిచేసేది. ఆదివారం వస్తే నన్నూ తమ్ముణ్ణీ వెంటబెట్టుకుని ఓడలూ కత్తులూ ఉన్న సినిమా ఎక్కడ ఆడుతుంటే అక్కడికి బయల్దేరేది. తెర మీద వాళ్ళ మొహాలు చూస్తూ, తెలుగులో కథ అల్లి గట్టిగా చెప్పేది. ముందు వరసవాళ్ళు మొదట విసుక్కుని, కాసేపటికి వాళ్ళూ చెవి వొగ్గేవాళ్ళు.

నిరుడు ఆమెకు పక్షవాతం వచ్చింది. చెయ్యి కొంత స్వాధీనమైంది గాని మాట రాలేదు. మాటలు నేర్పడానికి మాధవరంలో మా ఇంటికొచ్చే తమిళమ్మాయి పిల్లి బొమ్మ చూపించి ఇదేమిటని తమిళంలో అడిగేది. అమ్మ మొహం తిప్పుకునేది. అంత వాగుడుకాయ ఇక ఎప్పటికీ మాట్లాడదేమోనని భయం పట్టుకుంది. ఆ భయంతో డాక్టరు మీద, ఆ అమ్మాయి మీద, ఒక్కోసారి అమ్మ మీదే విరుచుకుపడేదాన్ని.

ఒక మధ్యాహ్నం టీవీలో పాత నలుపు తెలుపు ఓడదొంగల సినిమా దొరికింది. అమ్మ కళ్ళు తెరకు అతుక్కుపోయాయి. ఈసారి నేనే చెబుదామని, కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదివి కథ మొదలుపెట్టాను. హీరో తాడు పట్టుకుని ఇంకో ఓడలోకి దూకాడు.

"చూడుమా, వీడు దొంగ. గవర్నరు ఓడ కొట్టేస్తా ఉండాడు" అన్నాను.

అమ్మ చేత్తో మంచాన్ని దబదబా కొట్టింది. నీళ్ళు కావాలేమోనని లేవబోయాను.

"కా... కాదు మే."

లేవబోయినదాన్ని మళ్ళీ మంచం పక్కనే కూర్చున్నాను.

"వాళ్ళ... నాయిన ఓడ అది. ఆ గవర్నరే... లాక్కున్నాడు. అబద్ధాలు చెప్పబాక."

మాటలు ముద్దముద్దగా, ఆగి ఆగి వచ్చాయి. ఎలాగైతేనేం, వచ్చాయి! ఏడుస్తూ నవ్వుతూ ఆమెను వాటేసుకున్నాను. నా ఏడుపు ఆమెకు పట్టలేదు. తెర మీద కత్తియుద్ధం జరుగుతోంది మరి. "తప్పుకో, కనపళ్ళా" అని నన్ను పక్కకు నెట్టింది.

"మరి ఆ పిల్లెవరుమా?" అని హీరోయిన్‌ను చూపించి అడిగాను. కింద అక్షరాల ప్రకారం ఆమె గవర్నరు మేనకోడలు.

అమ్మ ఆ పిల్ల మొహం కాసేపు చూసింది. "దానికి వాడంటే... ఇష్టం. ఓడ తాళంచెవి... దాని కొంగున ఉండాది."

హీరోయిన్ వేసుకున్నది గౌను. కొంగెక్కడిదని నేను అడగలేదు. రిమోట్ తీసి ఆ ఇంగ్లీషువాళ్ళందరి నోళ్ళూ మూయించాను.